గోటితో పోయే గీత

పోయిన డిసెంబరులో నా కారుకి గీత పడింది. పడిందేమిటి, నేనే పడేశాను. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ దగ్గర గారాచర్మలో మా ఇంటి గేటు ఇరుకు. పదేళ్లుగా అదే గేటులోంచి అదే కారు వెనక్కి తీస్తున్నాను. ఆ రోజు మాత్రం మనసు స్టీరింగు మీద లేదు, టెక్కలిలో ఉన్న మా తమ్ముడి మీద ఉంది. దసరాకి ఊరెళ్లినప్పుడు వాడికీ నాకూ మాటా మాటా వచ్చింది. వాడేమన్నాడు, నేనేమని ఉండాల్సింది అని నెమరేసుకుంటూ రివర్సు గేరు వేశాను. గేటు గొళ్లెం ఎడమ వెనక తలుపుని జానెడు మేర గీరేసింది. గీత మధ్యలో పెసరగింజంత పెచ్చు లేచిపోయి, వెండి రంగు కింద నుంచి బూడిద రంగు తొంగిచూసింది.

చిన్న గీతే. దాన్ని అందరికీ కనపడే మచ్చగా మార్చడానికి నాకు సరిగ్గా నెల పట్టింది.

రంగు సీసా తెప్పించడమే ఇక్కడ ఒక ప్రహసనం. పెయింటు, థిన్నరు, స్ప్రే డబ్బా మంటంటుకునే సరుకు కాబట్టి ప్రయాణికుల విమానం ఎక్కనివ్వరు. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే 'మీ పిన్‌కోడ్‌కి ఈ సరుకు రాదు' అంటుంది. చెన్నై, కోల్‌కతా, విశాఖ ఏది చూసినా వెయ్యి కిలోమీటర్ల పైన సముద్రం. మనిషి ఎక్కిన ఓడకే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. సరుకు సంగతి చెప్పనక్కర్లేదు. అబర్డీన్ బజారులో ఒక కొట్టతను మూడు వారాలకి తెప్పించి పెట్టాడు. నేను కోడు చూసి మరీ చెప్పాను. ప్రతి కారుకీ రంగు కోడు ఉంటుంది. బానెట్ ఎత్తితే కనపడే రేకు పలక మీదో, డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీదో రాసి ఉంటుంది. టయోటా సూపర్ వైట్ అయితే 040, హోండా టాఫెటా వైట్ అయితే ఎన్‌హెచ్-578. తెలుపు అంటే తెలుపే కదా అనుకునేవాళ్లకి ఆ పలక ఒక పాఠం. నా కోడు కూడా అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

ఆఫీసు నుంచి వచ్చి, వరండాలో ఎల్‌ఈడీ బల్బు కింద, సీసా మూతకున్న కుంచెతో పూసేశాను. రాత్రి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. పొద్దున చూస్తే బొటనవేలంత నల్లటి మరక. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ సంగతి.

జంగ్లీఘాట్‌లో ఒక పెద్దాయన చిన్న పెయింటింగ్ షెడ్డు నడుపుతాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. ఈ దీవుల్లో అలాంటివాళ్లకి కొదవ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో మొత్తం 3.8 లక్షల మంది ఉంటే, అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 50 వేలు. చేపల రేవులో, తాపీ పనిలో, మెకానిక్ షెడ్డులో ఎక్కడ నిలబడ్డా ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. (ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. షెడ్డుల్లో మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిరే.)

పెద్దాయన నా మరక చూసి నవ్వలేదు. అదే నయం.

"ఏటి బాబూ ఇది, పిల్లోడికి దిష్టిసుక్క పెట్టినట్టు పెట్టేసినావు. ఎప్పుడు పూసినావు?"

"రాత్రి, అన్నా. ఏడింటికి."

"దీపం ఎలుగులో పెళ్లిసూపులకి ఎళ్లినట్టుంది."

ఆయన చెప్పిందంతా కారు గురించే. తమ్ముడి ఊసు నేను ఎత్తనే లేదు. కానీ ఆ షెడ్డులో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న గంటల్లో నాకు కారు ఒక్కటే సరి కాలేదు. ఇంట్లో, ఆఫీసులో, స్నేహంలో గీతలు గీసుకున్న ప్రతివాళ్లకీ ఆ పని పనికొస్తుందనిపించింది. అందుకే ఈ వ్యాసం.

ఆయన చేసిన మొదటి పని రంగు జోలికి పోకపోవడం. గీత మీద గోరు అడ్డంగా పెట్టి లాగాడు. గోరు జారిపోయిన చోట ఒక లెక్క, తట్టుకుని ఆగిన చోట ఒక లెక్క. తర్వాత మగ్గుతో నీళ్లు చిలకరించాడు. జానెడు గీతలో ముప్పావు వంతు నీళ్లు పడగానే మాయమైపోయింది. ఆరగానే మళ్లీ కనపడింది. "ఇదంతా పైపొర. దీనికి రంగెందుకు? పాలిష్ సాలు. పెచ్చు లేసిన కాడే మన పని."

కారు ఒంటి మీద రంగంటే ఒక్క పూత కాదు. ఇనప రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దాని మీద ప్రైమరు, దాని మీద బేస్ కోటు అనే అసలు రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి క్లియర్ కోటు. నాలుగూ కలిపితే మందం 100 నుంచి 150 మైక్రాన్లు. మన తలవెంట్రుక ఒకటి సుమారు 70 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకల మందంలో నాలుగు పొరలు. అందులో క్లియర్ కోటు మీద పడ్డ గీతలకి రంగు అక్కర్లేదు, రుద్దితే పోతాయి. నేను మాత్రం పెచ్చు దాటి బొటనవేలంత మేర రంగు పులిమేశాను. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చాను.

మన బాధలు కూడా ముప్పావు వంతు పైపొరవే. పొద్దున కాఫీ ఆలస్యమైందని ఆవిడ విసుక్కుంది. మీటింగులో మేనేజరు మన మాట మధ్యలో తుంచేశాడు. వియ్యంకుడు ఫోను ఎత్తలేదు. వీటికి గోరు పరీక్ష పెట్టండి. రాత్రి పడుకునేముందు ఆ మాట తలచుకుంటే ఎక్కడైనా తట్టుకుని ఆగుతోందా? లేదంటే దాన్ని వదిలేయండి. చర్చలు పెట్టకండి, వివరణలు అడక్కండి, క్షమాపణలు కూడా చెప్పకండి. అనవసరమైన చోట చెప్పిన క్షమాపణ ఎదుటివాళ్లకి లేని గీతని చూపిస్తుంది. ఆగిందనుకోండి, అప్పుడు ఆ ఆగిన చోటే చూడాలి, జానెడూ కాదు.

తమ్ముడి విషయంలో గోరు ఎక్కడ ఆగిందో నాకు బాగా తెలుసు. భోజనాల దగ్గర పొలం కౌలు లెక్క వచ్చింది. వాడేదో అంకె చెప్పాడు. "నీకు లెక్కలెప్పుడొచ్చాయిరా" అన్నాను. టెన్తులో వాడు లెక్కల్లో తప్పాడు. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న హాస్యం అది. ఈసారి ఇంటర్ చదివే వాడి కూతురు పక్కనే కూర్చుని ఉంది. వాడు తలెత్తలేదు. అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. ఆ తర్వాత కౌలు గురించి అరిచిన అరుపులన్నీ పైపొర. పెచ్చు లేచింది మాత్రం ఆ మజ్జిగ దగ్గర.

రెండో పని కడగడం. అండమాన్‌లో దీనికి విలువ ఎక్కువ. చాథం నుంచి బంబూఫ్లాట్‌కి కారుని ఫెర్రీ ఎక్కించినా, కార్బిన్స్ కోవ్ రోడ్డు మీద సాయంత్రం గాలికి నిలబెట్టినా, ఒంటినిండా ఉప్పు పేరుకుంటుంది. కంటికి కనపడదు. పెద్దాయన తలుపు మీద చూపుడువేలు రాసి నాలిక్కి తగిలించుకున్నాడు. "నువ్వూ నాకి సూడు బాబూ." చూశాను. ఉప్పు. తుడిచిన కారే అది. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు పోదు, మంచినీళ్లతో కడగాలి. ఎండాకాలంలో ధనికారి డ్యాము నీళ్లు అడుగంటి, కుళాయి రోజు విడిచి రోజు కూడా రాని ఊళ్లో కారుకి మంచినీళ్లా అంటారు. ఆ పెచ్చు చుట్టూ జానెడు జాగాకి ఒక మగ్గు చాలు. తర్వాత సబ్బునీళ్లు, ఆ తర్వాత మైనం జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒక తుడుపు. ఉప్పు మీద రంగేస్తే ఆ ఉప్పు తేమని పీల్చుకుంటుంది, కింద రేకుని తింటుంది, ఆర్నెల్లకి రంగు బుడగలా లేస్తుంది.

మాటల్లో ఉప్పంటే ఏమిటో వేరే చెప్పాలా? "తప్పే, కానీ నువ్వు కూడా..." అన్నప్పుడు ఆ 'కానీ' తర్వాత వచ్చేదంతా ఉప్పే. క్షమాపణ చెప్పేముందు ఆ 'కానీ'ని విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. అందులో ఉన్న ఫిర్యాదు నిజమే కావచ్చు. దానికింకో రోజు ఉంది. రెండూ కలిపి పూస్తే రెండూ నిలవవు.

ఇక రంగు. అసలు కథ ఇక్కడే.

కారు ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజు రంగు ఏదో కోడు చెబుతుంది. ఇవాళ ఏ రంగులో ఉందో చెప్పదు. నా కారు పదేళ్లు ఈ ఎండలో ఎండింది, ఏటా మూడు మీటర్ల వాన తాగింది. పదకొండున్నర డిగ్రీల అక్షాంశం మీద ఎండ మాటలతో పోయేది కాదు. బానెట్ ఒక రకంగా వెలిసింది, తలుపులు ఒక రకంగా. ఎప్పుడూ గోడ పక్కన నిలబెట్టే కారైతే కుడివైపు ఒక రంగు, ఎడమవైపు ఒక రంగు. పెద్దాయన స్క్రూడ్రైవరు తీసుకుని పెట్రోలు మూత మీది రేకుని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని లోపలి వైపు ఎండ చూడలేదు. లోపల ఒక వెండి, బయట ఒక వెండి. పదేళ్ల క్రితం షోరూములో నేను చూసి మురిసిపోయిన రంగు ఆ మూత వెనకాల ఇంకా అలాగే ఉంది. నేను తెప్పించిన సీసా ఆ లోపలి రంగుది. పూసింది బయట.

ఆ రేకు చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడే నాకు తమ్ముడు గుర్తొచ్చాడు. దసరా తర్వాత వారానికి వాడికి ఫోను చేశాను. "ఒరేయ్, ఆ మాటకే అలిగావా? చిన్నప్పుడు ఇంతకంటే ఎన్ని అన్లేదు" అన్నాను. కోడు సరిగ్గానే ఉంది. పదిహేనేళ్ల తమ్ముడి కోడు. అవతల ఫోను పట్టుకున్నవాడికి నలభై ఆరు. ఎరువుల కొట్టు నడుపుతున్నాడు, ఖరీఫ్‌లో అరువు మీద ఊరు ఊరంతటినీ నిలబెడుతున్నాడు, లెక్క తప్పితే నిలవని వ్యాపారం అది. ఆ మనిషికి నేను పెట్రోలు మూత వెనకాల రంగు పూశాను.

మనలో చాలామందిమి బంధాలు బాగుచేసేటప్పుడు ఇదే చేస్తాం. కొడుకు పాతికేళ్లవాడైనా పదేళ్లవాడికి సర్దిచెప్పినట్టు సర్దిచెబుతాం. ఒకప్పుడు మన కింద పనిచేసిన కుర్రాడు ఇప్పుడు మన పక్క కుర్చీలో ఉంటే, పాత చనువుతోనే భుజం తట్టి 'సర్లేవోయ్' అంటాం. పెళ్లయిన కొత్తలో ఒక మల్లెమూరతో చల్లారిన కోపం ఇరవయ్యేళ్ల తర్వాత కూడా మల్లెమూరతోనే చల్లారాలనుకుంటాం. అవతలి మనిషి వెలిసిపోయాడని కాదు నేననేది. ఎండకీ వానకీ నిలబడి తనదైన రంగుకొచ్చాడు. దాన్ని చూడకుండా సీసా మూత తీయకండి.

చూడటమంటే ఎలా? పెద్దాయన పద్ధతి చెబుతాను. ముందు పెచ్చు పక్కన అరచేయంత జాగా రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దాడు. పైన పేరుకున్న మురికీ, చచ్చిన పొరా పోయి ఇవాళ్టి అసలు రంగు తేలింది. జత కలపాల్సింది దానితో. తర్వాత రంగు కలిపి కారు మీద వేయలేదు. ఒక అట్టపెట్టె తీశాడు. నిండా పాత పెళ్లి శుభలేఖలు. వాటి వెనకవైపు వరసగా రంగు చుక్కలు, పక్కన బండి నెంబర్లు. ఒక కార్డు మీద చుక్క పెట్టి, ఆరనిచ్చి, పైన క్లియర్ కోటు రాసి, మళ్లీ ఆరనిచ్చి, అప్పుడు తలుపుకి ఆనించి చూశాడు. తడి రంగుని నమ్మకూడదట. ఆరితే చాలా రంగులు ముదురుతాయి. చూడటం కూడా ఎదురుగా ఒకసారి, పక్కకి జరిగి ఒకసారి, వంగి ఒకసారి. వెండి రంగులో అల్యూమినియం పొడి రేకులుంటాయి. అవి పడుకున్న తీరుని బట్టి ఎదురుగా మెరిసిన రంగు పక్కనుంచి నల్లబడుతుంది. స్ప్రే గన్‌తో కొడితే ఒకలా పడుకుంటాయి, కుంచెతో పూస్తే ఇంకోలా. సీసాని రెండు మూడు నిమిషాలు బాగా గిలకొట్టకపోతే ఆ పొడి అడుగునే ఉండిపోతుంది. నేను గిలకొట్టలేదు. సాదా తెలుపు కారువాళ్లు అదృష్టవంతులు, పూస్తే కలిసిపోతుంది. వెండి రంగువాళ్లం ఓర్పు నేర్చుకోవాలి. ముత్యపు తెలుపైతే బేస్, ముత్యం, క్లియర్ అని మూడు దశలు; దాని జోలికి ఇంట్లో కూర్చుని పోకండి.

నాలుగు కార్డులకి గాని ఆయనకి తృప్తి కలగలేదు. నాలుగోది కూడా "దగ్గిరికొచ్చింది" అన్నాడు తప్ప సరిపోయిందనలేదు.

మరి నేను వరండాలో చూసినప్పుడు ఎలా సరిపోయింది? వెలుతురు. ఎల్‌ఈడీ కింద ఒకేలా కనపడే రెండు రంగులు ఎండలో వేరు వేరుగా కనపడొచ్చు. రంగుల శాస్త్రంలో దీనికి మెటామెరిజం అని పేరు కూడా ఉంది. చీరల కొట్లో మన ఆడవాళ్లు జాకెట్టు ముక్కని గుమ్మం దాకా తీసుకెళ్లి చూస్తారే, అదే ఇది. పేరు తెలియకపోయినా వాళ్లకి ఎప్పుడో తెలుసు. పోర్ట్ బ్లెయిర్‌లో ఇంకో చిక్కుంది. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, మేమున్నది దాదాపు 92.7 మీద. మా సూర్యుడు గడియారం కన్నా 40 నిమిషాలు ముందు. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటితే చీకటే. ఆఫీసు వదిలాక రంగు చూసుకునేవాడికి పగలు మిగలదు. అందుకే పెద్దాయన రంగు కలిపేది పొద్దున ఏడు, తొమ్మిది మధ్యలోనే, అదీ ఎండలో కాదు, నీడలో.

ఈ ఒక్క అలవాటు చేసుకున్నా చాలు: రాత్రి పదింటికి రాసిన మెసేజి పొద్దున ఏడింటికి చదివి పంపండి. రాత్రి మనకి సరిగ్గా అతికినట్టనిపించిన మాట పొద్దున ఎలా ఉంటుందో నా తలుపు చూసినవాళ్లకి తెలుసు. కోపంతో రాసింది మాత్రమే కాదు, ప్రేమ పొంగి రాసింది కూడా.

ఒకప్పుడు ఈ తలనొప్పి లేదు. 1914 నుంచి 1925 దాకా ఫోర్డ్ మోడల్ టి కారు నలుపులో తప్ప దొరికేది కాదు. ఎక్కడ గీసుకుపోయినా నల్లరంగు పూసేయడమే. 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే ల్యాకరు తెచ్చాక కార్లకి రంగులొచ్చాయి. మన వడ్రంగులు ఇవాళ్టికీ బీరువాకి 'డ్యూకో కొట్టిస్తా' అంటారు, ఆ పేరే. అందరూ ఒకే రంగులో ఉన్న ఇంట్లో సర్దుబాటు తేలిక. అలాంటి ఇళ్లు ఇప్పుడు లేవు.

పూయడం దగ్గరికొస్తే ఆయన కుంచెని పక్కన పడేసి, పళ్లు కుట్టుకునే పుల్ల తీశాడు. దాని కొసని రంగులో ముంచి, పెచ్చు నడిమధ్యలో ఒక్క బొట్టు పెట్టాడు. బొట్టు తనంతట తాను అంచుల దాకా పాకి ఆగింది. అంచు దాటలేదు. అరగంట ఆగి రెండో బొట్టు. మళ్లీ అరగంట. పూత ఎప్పుడూ పల్చగానే. గుంట ఒక్కసారిగా నింపేద్దామంటే పైన చర్మం కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తర్వాత కుంగిపోతుంది. పెసరగింజంత పెచ్చుకి నాలుగు బొట్లు, మధ్యలో మూడు అరగంటలు. ఆ అరగంటల్లో ఆయన వేరే బండి పని చూసుకున్నాడు. మన పెచ్చు దగ్గర కూర్చుని ఊదలేదు.

నేను చేసింది తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఫోనులో తమ్ముడు 'సరేలే' అని పెట్టేశాక, వాడు కరగలేదని నాకు దిగులు పట్టుకుంది. ఒక రాత్రి, అవును, రాత్రే, మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో రెండు పేజీల క్షమాపణ రాశాను. చిన్నప్పటి చెరువు, అమ్మ చేతి అరిసెలు, వాడి గొప్పతనం, నా నోటి దురుసు, అన్నీ పెట్టాను. ముప్పై ఒక్క మంది ఉన్న గ్రూపు. అప్పటిదాకా ఆ భోజనాల సంగతి ఆరుగురికే తెలుసు. పొద్దుటికల్లా హైదరాబాదు నుంచి మేనత్త, పూణే నుంచి బావమరిది, అందరూ "ఏం జరిగింది?" అని వాడినే అడిగారు. పెసరగింజంత పెచ్చుకి బొటనవేలంత మరక. పెచ్చు ఎంతో పూత అంత. నలుగురి ముందు అన్న మాటైతే ఆ నలుగురి ముందు దిద్దుకోండి. వాళ్లెవరో లెక్కపెట్టుకుని మరీ. ముప్పై ఒక్క మందిని పిలవకండి. అలా పిలిచినప్పుడు మనం బాగుచేసేది ఎదుటివాణ్ని కాదు, మన మంచితనాన్ని.

తేమ గురించి ఒక మాట, ఎందుకంటే దీవుల్లో సగం టచప్‌లు దీనివల్లే చెడతాయి. రంగు ఆరేటప్పుడు అందులోని థిన్నరు ఆవిరవుతూ ఆ చోటుని చల్లబరుస్తుంది. గాలిలో తేమ బాగా ఉంటే చల్లటి సీసా మీద నీళ్లు పట్టినట్టు అక్కడా పడుతుంది, రంగు పొగ కమ్మినట్టు తెల్లబారుతుంది. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ మా మీదుగానే పోతాయి కాబట్టి, పనికి మంచి కాలం జనవరి నుంచి ఏప్రిల్. నా పెచ్చు డిసెంబరులో లేచింది. పెద్దాయన నా మరకని తీసేసి, పెచ్చు మీద అప్పటికి ప్రైమరు చుక్క ఒకటి పెట్టి, "తుప్పు పట్టకుండా దీన్ని కాసుకో, రంగు సంక్రాంతి ఎల్లినాక" అన్నాడు. ఇందులో రెండు సంగతులున్నాయి. వెంటనే చేయాల్సింది వెంటనే చేశాడు, ఆగాల్సిన దానికి ఆగాడు. చాలామందిమి ఈ రెంటినీ తారుమారు చేస్తాం. తప్పు ఒప్పుకోవడానికి ముహూర్తం కోసం చూస్తాం, ఎదుటివాళ్లు మామూలైపోవడం మాత్రం ఇవాళ సాయంత్రానికే జరిగిపోవాలంటాం.

ప్రైమరు చుక్క లాంటిది ఒక వాక్యం. "ఆ మాట నేను అనకూడదు." ఎంత గొడవలో ఉన్నా అదే రోజు చెప్పేయొచ్చు. రంగు తర్వాత.

ఆ ప్రైమరు పని ఆలస్యం చేస్తే ఏమవుతుందో అదే షెడ్డులో ఇంకో బండి చూపించింది. వండూరు వైపు నుంచి వచ్చిన పాత జీపు. ఎవరో మూడేళ్ల క్రితం తుప్పు మీదే పుట్టీ పెట్టి, పైన నున్నగా రంగు కొట్టారు. పైన పటారం. పెద్దాయన స్క్రూడ్రైవరు కొసతో పొడిస్తే వేలెడు లోపలికి దిగింది. మసిపూసి మారేడుకాయ చేసిన పనికి ఇప్పుడు రేకు ముక్కే కోసి కొత్తది అతకాలి. తుప్పుని గీకి, మెరిసే లోహం కనపడేదాకా రుద్ది, అప్పుడు ప్రైమరు వేయాలి. రుద్దేటప్పుడు పెచ్చు ముందున్న దానికన్నా పెద్దదవుతుంది, భయపడకూడదు. ఆఫీసులో లెక్క తప్పినవాళ్లు ఇది చదివి గుర్తుపెట్టుకోండి. బిల్లులో పొరపాటు జరిగింది, ఎవరూ చూడలేదు, వచ్చే నెల బిల్లులో సర్దేద్దాం అనుకుంటారు. అదే పుట్టీ. పై అధికారికి ఇవాళ చెబితే పడేది చీవాట్లు. మూడో నెలలో బయటపడితే అడిగేది డబ్బు ఏమైందని కాదు, నువ్వెందుకు దాచావని.

చివరి బొట్టు ఆరాక క్లియర్ కోటు పెట్టి, "వారం దినాలు దీని జోలికి రాకు. కడగకు, రుద్దకు, వేలితో ముట్టుకు సూడకు" అన్నాడు. నేను మూడో రోజే ముట్టుకున్నాను. వేలిముద్ర పడింది. మళ్లీ వాటర్ పేపరు తడిపి, 2000 నెంబరుతో నెమ్మదిగా రుద్ది, మళ్లీ పైపూత పెట్టాడు. తిట్టలేదు కానీ, రెండోసారి డబ్బు తీసుకున్నాడు.

తమ్ముడికి జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున ఫోను చేశాను. ముందు రోజు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని, రెండు కొట్టేశాను. "లెక్కల మీద నిలబడ్డ కొట్టు నడుపుతున్నవాడివి. నీ కూతురి ముందు నిన్ను ఆ మాట అనకూడదు." అంతే. చెరువు లేదు, అరిసెలు లేవు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత యూరియా సరఫరా ఎలా ఉందో చెప్పాడు. నేను విన్నాను. అమ్మాయితో కూడా మాట్లాడతానని అడిగితే ఫోను ఇచ్చాడు. "మీ నాన్న లెక్కే కరెక్టమ్మా, కౌలు లెక్క నేనే తప్పు చెప్పాను" అన్నాను. నిజంగానే నాది తప్పు. మధ్యలో కాగితాలు తీసి చూసుకున్నాను.

ఆ తర్వాత 'ఇంకా కోపం ఉందా' అని అడగలేదు. వేలిముద్ర జ్ఞాపకం ఉంది.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో వాడు ఫోను చేయలేదు. ఏప్రిల్లో విశాఖ నుంచి వస్తున్న మనిషి చేత పలాస జీడిపప్పు పంపాడు. డబ్బాలో చీటీ ఏమీ లేదు. మునుపటిలా 'ఒరేయ్ అన్నయ్యా' అని గంటసేపు మాట్లాడుకోవడం ఇంకా రాలేదు. కౌలు లెక్కలు మాత్రం ఇప్పుడు వాడే చూస్తున్నాడు, నేను అడక్కుండానే ప్రతి నెలా పంపుతున్నాడు.

ఇంట్లో ప్రయత్నించేవాళ్లకి రెండు జాగ్రత్తలు. థిన్నరు, రంగు గాలాడే చోట వాడండి, పొయ్యికీ సిగరెట్టుకీ దూరంగా. పెచ్చు పావలా బిళ్లకన్నా పెద్దదైతే, సొట్ట కూడా పడితే, లేదా తుప్పు రేకుని తొలిచేస్తే టచప్ సీసాతో కుస్తీ పట్టకండి. అది గన్ ఉన్నవాడి పని. ఇంట్లో గొడవలకీ అంతే. చేయి లేచిన చోట, ఆస్తి పత్రాలు మాయమైన చోట పుల్లతో పెట్టే బొట్లు పనిచేయవు. అక్కడ పెద్దమనిషో, లాయరో, కౌన్సెలరో కావాలి. ఆ తేడా తెలియక ఏళ్ల తరబడి బొట్లు పెడుతూ కూర్చున్న ఆడవాళ్లని నేను ఎరుగుదును. వాళ్లకి ఈ వ్యాసంలోని ఓర్పు పాఠం వర్తించదు.

నా తలుపు సంగతి అడిగితే, రెండడుగుల దూరంలో నిలబడితే కనపడదు. వంగి, పక్కనుంచి, ఉదయపు నీడలో చూస్తే పెసరగింజంత చోట వెండి కాస్త ముదురుగా ఉంటుంది. పెద్దాయనకి చూపిస్తే, "సేతి పని బాబూ, ఆ మాత్రం తెలుస్తాది" అన్నాడు.

రేపు ఆదివారం వాన లేకపోతే, పొద్దున ఏడింటికి మీ బండిని నీడలో నిలబెట్టండి. ఒక మగ్గు మంచినీళ్లు తీసుకుని చుట్టూ ఒకసారి తిరగండి. గోరు ఎక్కడ ఆగుతుందో చూడండి. సీసా కొనడం ఆ తర్వాత చూసుకోవచ్చు.